గల్ఫ్ కార్మికుడి ఇంటర్నెట్ ఎవరి బాధ్యత?

విదేశాంగ వ్యవహారాల శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ



గల్ఫ్‌కు వెళ్లే మన కార్మికుడి ఒప్పంద పత్రంలో జీతం ఎంతో రాసి ఉంటుంది. పని గంటలు, వసతి, తిండి లేదా తిండి ఖర్చు, సెలవు మీద ఇంటికి రావడానికి టికెట్టు, వీటి సంగతి కూడా ఉంటుంది. ఇంటర్నెట్ మాట మాత్రం సాధారణంగా ఉండదు. ఈ లేఖ ఆ ఒక్క ఖాళీ గురించే. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల వైపు నుంచి దుబాయ్, షార్జా క్యాంపులకు వెళ్లినవాళ్లు, రాయచోటి, రాజంపేట, కోనసీమల నుంచి కువైట్ ఇళ్లలో పనికి వెళ్లిన ఆడవాళ్లు రెండేళ్లకో మూడేళ్లకో గానీ ఊరు చూడరు. అన్నాళ్లపాటు వాళ్లకు ఇల్లు, బ్యాంకు, రాయబార కార్యాలయం అన్నీ చేతిలోని ఫోనే. భద్రంగా, నమ్మకంగా, జీతానికి తగ్గ ఖర్చుతో అందే ఇంటర్నెట్‌ను వసతితో, తిండితో సమానమైన పని షరతుగా గుర్తించాలన్నది నా వాదన. అది కార్మికుడు తన తెలివితేటలతో సంపాదించుకోవలసిన సౌకర్యం కాదు. రెండు ప్రభుత్వాలు కూర్చుని తేల్చవలసిన విషయం.

ముందు యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ సంగతి చూద్దాం. అక్కడ మనవాళ్లు 35 లక్షలకు పైనే. ఆ దేశంలో ఇంటర్నెట్ వేగానికి ఏ లోటూ లేదు, లోటంతా అనుమతి దగ్గరే. ఇంటర్నెట్ మీదుగా వాయిస్, వీడియో కాల్స్ నడిపే హక్కు లైసెన్సు ఉన్న టెలికాం సంస్థలకే ఉంటుందని అక్కడి నియంత్రణ సంస్థ టీడీఆర్ఏ విధానం చెబుతోంది. ఆ సంస్థలు రెండే: ఇప్పుడు ఈ-అండ్ అని పేరు మార్చుకున్న ఎతిసలాత్, డూ. రెండింటిలోనూ ప్రభుత్వ సంస్థలకు వాటాలున్నాయి. దీని ఫలితంగా వాట్సాప్‌లో రాసుకోవచ్చు, ఫొటో పంపుకోవచ్చు, గొంతు రికార్డు చేసి పంపుకోవచ్చు. ఎదురెదురుగా మాట్లాడుకోవడం మాత్రం కుదరదు. ఫేస్‌టైమ్‌ది కూడా ఇదే కథ. దీనికి బదులుగా బోటిమ్, సీమీ లాంటి అనుమతి పొందిన యాప్‌లతో మాట్లాడుకునే ప్యాకేజీని 2018 జనవరిలో తెచ్చారు. అప్పుడు పెట్టిన ధర మొబైల్‌కు నెలకు 50 దిర్హాములు, ఇంటి కనెక్షన్‌కు 100. యాభై దిర్హాములంటే మన డబ్బుల్లో పదకొండు వందల పైమాటే. పెద్ద జీతగాడికి అది లెక్కలోకి రాదు. నెలకు వెయ్యి దిర్హాములు తెచ్చుకునే మేస్త్రీకి జీతంలో ఇరవయ్యో వంతు, అదీ మామూలు డేటా రీఛార్జి కాక.

డబ్బు మిగుల్చుకోవాలనుకునే మనిషికి పక్క మంచం మీది స్నేహితుడు చూపించే దారి వీపీఎన్. ఫోను నుంచి వెళ్లే సమాచారాన్ని సంకేతంగా మార్చి వేరే దేశంలోని సర్వరు మీదుగా పంపే ఏర్పాటు అది. బ్యాంకులూ పెద్ద కంపెనీలూ తమ ఉద్యోగుల కోసం దాన్ని చట్టబద్ధంగానే వాడతాయి, ఎమిరేట్స్‌లో కూడా. చిక్కల్లా దేనికి వాడారన్న దగ్గర వస్తుంది. సైబర్ నేరాలపై ఆ దేశం 2021లో చేసిన 34వ నంబరు చట్టం 2022 జనవరి 2 నుంచి అమల్లో ఉంది. నేరం చేయడానికో, చేసిన నేరం బయటపడకుండా ఉండటానికో ఐపీ చిరునామాను ఏమార్చితే జైలు గానీ, 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హాముల జరిమానా గానీ, రెండూ గానీ వేయవచ్చని అందులోని పదో అధికరణం అంటుంది. అనుమతి లేని యాప్‌లో భార్యతో మాట్లాడటం ఆ అధికరణం కిందికి వస్తుందా రాదా? లాయర్లు వాదించుకోగలరేమో గానీ, వెల్డింగ్ పనివాడు తేల్చుకోగల ప్రశ్న కాదు. కనీస జరిమానానే మన లెక్కలో కోటి రూపాయలు దాటుతుంది. వెయ్యి దిర్హాముల జీతం పైసా ఖర్చు పెట్టకుండా దాచినా నలభై ఒక్క ఏళ్లు పైనే పడుతుంది. ఇలాంటి కాల్స్‌కు అంత శిక్ష మామూలుగా వేస్తున్నారని నేననడం లేదు. శిక్ష పడకపోయినా భయం ఉంటుంది. భయం ఉన్నవాడు మోసపోయినా ఫిర్యాదుకు వెళ్లడు. అసలు నష్టం అక్కడ జరుగుతోంది.

చట్టం సంగతి అలా ఉంచినా, భద్రత లెక్కలో కూడా ఈ దారి చెడ్డదే. వీపీఎన్ వాడటమంటే మన రాకపోకలన్నిటినీ ఒక కొత్త మధ్యవర్తి చేతిలో పెట్టడం. డబ్బు కట్టి తీసుకున్న మంచి సంస్థ అయితే ఆ నమ్మకానికి ఎంతోకొంత ఆధారం ఉంటుంది. కార్మికుడి ఫోనులోకి చేరేది ఎక్కువగా ఉచితంగా దొరికేదే, అది ఎవరు నడుపుతున్నారో ఎవరికీ తెలియదు. ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ఓ, విశ్వవిద్యాలయాల పరిశోధకులు కలిసి 2016లో 283 ఆండ్రాయిడ్ వీపీఎన్ యాప్‌లను పరీక్షించారు. 38 శాతం యాప్‌లలో హానికరమైన సాఫ్ట్‌వేర్ ఆనవాళ్లు కనిపించాయి. 75 శాతంలో వాడేవాళ్లను గమనించే బయటి కంపెనీల కోడ్ ఉంది. 18 శాతం సమాచారాన్ని అసలు సంకేతంగా మార్చనే లేదు, అంటే తాళం వేస్తామని చెప్పి తలుపు తెరిచే వదిలేశాయి. ఇది పాత లెక్క అనుకునేవారికి కొత్తది ఉంది. 2024 మేలో అమెరికా న్యాయశాఖ 911 ఎస్5 అనే భారీ బాట్‌నెట్‌ను పట్టుకుంది. మాస్క్ వీపీఎన్, డ్యూ వీపీఎన్ లాంటి ఉచిత వీపీఎన్‌ల ముసుగులో దాదాపు 200 దేశాల్లోని కంప్యూటర్లలోకి చొరబడి, 1.9 కోట్ల ఐపీ చిరునామాలను నేరగాళ్లకు అద్దెకిచ్చిన ముఠా అది. తమ చిరునామా మీద ఎవరో మోసం చేస్తున్నారని ఆ కంప్యూటర్ల యజమానులకు తెలియనే తెలియదు. ఇంటికి డబ్బు పంపే యాప్, పాస్‌పోర్టు ఫొటో, ఆధార్ కాపీ అన్నీ ఉండే ఫోనులోకి ఇలాంటిదాన్ని రప్పిస్తున్నది కాల్స్ మీది నిషేధమే. భద్రత పేరు చెప్పే నియమం అందరికంటే పేదవాడిని అన్నిటికంటే అభద్రమైన మూలకు నెడుతోంది.

జీతాలే సరిగా రాని చోట ఇంటర్నెట్ గొడవ దేనికని అడిగేవారు ఉంటారు. గల్ఫ్ సంఘాలలో ఏళ్ల తరబడి పనిచేసిన వాళ్ల నోట కూడా ఈ మాట రావచ్చు, అందులో న్యాయం ఉంది. 2020లో మీ శాఖ గల్ఫ్ కార్మికుల కనీస వేతనాల సిఫార్సును తగ్గించి, తెలంగాణ హైకోర్టు దాకా గొడవ వెళ్లాక 2021లో పాతదే పునరుద్ధరించిన సంగతి వాళ్లు మరిచిపోలేదు. అయితే ఈ రోజు జీతానికీ ఫోనుకూ మధ్య గోడ లేదు. ఎమిరేట్స్‌లో జీతాలు 2009 నుంచి వేతన రక్షణ వ్యవస్థ ద్వారా బ్యాంకులకు, ఎక్స్ఛేంజీలకు పడుతున్నాయి. పడ్డాయో లేదో తెలిసేది ఫోనులోనే. అక్కడి కార్మిక శాఖకు ఫిర్యాదు యాప్‌లో పెట్టవచ్చు. ఫిర్యాదుల కోసం ఉన్న మన మదద్ పోర్టల్ ఇంటర్నెట్ లేనిదే తెరుచుకోదు. ఓవర్‌టైమ్ ఎగ్గొట్టారనడానికి రుజువు సూపర్‌వైజరు పంపిన మెసేజే. ఏజెంటు చూపిన ఒప్పందానికీ, అక్కడ దిగాక సంతకం పెట్టించిన దానికీ తేడా ఉందని చెప్పాలన్నా ఇంటి దగ్గరి నుంచి ఎవరో పాత కాగితం ఫొటో తీసి పంపాలి. జీతం కోసం కొట్లాడటానికే ఇంటర్నెట్ కావాలి. రిజర్వు బ్యాంకు సర్వే ప్రకారం 2023–24లో విదేశాల నుంచి మన దేశానికి వచ్చిన 11,870 కోట్ల డాలర్లలో 19.2 శాతం ఎమిరేట్స్ నుంచే వచ్చింది. ఆ డబ్బు పంపేవాడి ఫోను ఎంత భద్రంగా ఉందన్నది ఇక సొంత విషయం ఎలా అవుతుంది?

ఇంటర్నెట్‌ను పని షరతుగా రాయడం వింత కోరికేమీ కాదు. ప్రపంచం ఇప్పటికే ఒక వర్గం కార్మికుల విషయంలో ఆ పని చేసింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2006 నాటి సముద్ర కార్మిక ఒడంబడికకు 2022లో సవరణలు తెచ్చింది. కరోనా కాలంలో నెలల తరబడి ఓడల్లో చిక్కుపడ్డ నావికుల అవస్థ చూశాక వచ్చిన సవరణలు అవి. ఓడలో ఉన్నవాళ్లకు ఇంటివాళ్లతో, లోకంతో సంబంధం నిలిపే సౌకర్యం ఉండాలనీ, వీలైనంతవరకు ఓడ యజమాని ఇంటర్నెట్ కల్పించాలనీ, రుసుము తీసుకుంటే అది సమంజసంగా ఉండాలనీ అందులో రాశారు. 2024 డిసెంబరు 23 నుంచి ఆ సవరణలు అమల్లోకి వచ్చాయి. భారత్ ఆ ఒడంబడికను 2015లోనే ఆమోదించింది. నడిసముద్రంలో ఉపగ్రహం మీదుగా, ఎక్కువ ఖర్చుతో కల్పించవలసిన సౌకర్యాన్ని మనం సమంజసమని ఒప్పుకున్నాం. ఫైబర్ తీగ గేటు దాకా వచ్చిన దుబాయ్ సోనాపూర్ క్యాంపులో అదే మాట అడగడానికి ఎందుకు మొహమాటపడాలి?

కువైట్‌లో సమస్య వేరు. అక్కడ వాట్సాప్ కాల్స్ పనిచేస్తాయి. ఇంటి పనికి వెళ్లిన మనిషి చేతిలో ఫోను ఉంటుందా అన్నదే ప్రశ్న. ఫోను యజమానురాలి దగ్గర ఉంచాలన్నా, వైఫై పాస్‌వర్డు ఇవ్వకపోయినా ఆ నాలుగు గోడల మధ్య ఆమెకు దిక్కు లేదు. 2018 ఫిబ్రవరిలో కువైట్‌లోని ఒక ఫ్లాటులో ఫ్రీజరులో ఫిలిప్పీన్స్ పనిమనిషి శవం దొరికాక, ఆ దేశం తన మనుషులను పంపడం ఆపేసింది. మూడు నెలలు తిరిగేసరికి, మే 11న, కువైట్‌తో ఒప్పందం కుదిరింది. పనిమనిషి ఫోను ఆమె దగ్గరే ఉండాలి, వాడుకోనివ్వాలి అన్న షరతు అందులో ఉంది. మనకంటే చిన్న దేశం, మనకంటే తక్కువ బేరసారాల బలంతో కాగితం మీద రాయించుకున్న షరతు అది. కాగితం మీది మాట ప్రతి ఇంట్లో అమలవుతుందా అంటే కాదు. కానీ ఉల్లంఘన అని చూపించడానికి ముందు నియమం అంటూ ఒకటి ఉండాలి కదా. 2021 జూన్‌లో మనం కువైట్‌తో ఇంటి పనివాళ్ల నియామకంపై అవగాహన ఒప్పందం చేసుకున్నాం. దాన్ని అమలు చేసే ఉమ్మడి సమావేశాల్లో ఫోను సంగతి విడి అంశంగా ఉండాలి.

మళ్లీ ఎమిరేట్స్ కాల్స్ విషయానికి వస్తే, అది వాళ్ల దేశం, వాళ్ల చట్టం, మనమెవరం చెప్పడానికి అన్నది మీ శాఖ నుంచి సహజంగా వచ్చే అభ్యంతరం. చట్టాన్ని గౌరవించవలసిందే. కార్మికులు దాన్ని దొంగచాటుగా దాటవద్దనే నా మాట కూడా. కానీ ఈ చట్టం రాతిమీది గీత కాదని అక్కడి ప్రభుత్వమే చూపించింది. 2020 మార్చిలో బడులు, ఆఫీసులు ఇళ్లకు మారాల్సి వచ్చినప్పుడు జూమ్, మైక్రోసాఫ్ట్ టీమ్స్ లాంటివాటికి తలుపు తీసింది. సౌదీ అరేబియా 2017 సెప్టెంబరులో నిబంధనలకు లోబడే కాలింగ్ యాప్‌ల మీది ఆంక్షలు ఎత్తివేస్తున్నామని ప్రకటించింది. మొరాకోలో 2016 జనవరిలో టెలికాం సంస్థలు ఆపేసిన ఇంటర్నెట్ కాల్స్ ఆ ఏడాది నవంబరుకల్లా తిరిగి వచ్చాయి. టెలికాం కంపెనీల ఆదాయం పోతుందన్న వాదన మనకూ తెలిసిందే. 2014 డిసెంబరులో ఎయిర్‌టెల్ ఇంటర్నెట్ కాల్స్‌కు విడిగా వసూలు చేస్తామని ప్రకటించి, జనం గగ్గోలుకు కొద్ది రోజుల్లోనే వెనక్కి తగ్గింది. ఏ యాప్‌కు వాడుతున్నామన్న దాన్నిబట్టి డేటాకు వేర్వేరు ధరలు పెట్టకూడదని 2016 ఫిబ్రవరిలో మన టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ శాసించింది. ఆ తర్వాత మన టెలికాం రంగం డేటా అమ్ముకుని బతుకుతూనే ఉంది. ఈ అనుభవాన్ని స్నేహదేశం ముందు పెట్టడం జోక్యం కాదు. ఎమిరేట్స్‌తో 2022 ఫిబ్రవరి 18న సంతకమై, మే 1 నుంచి అమలవుతున్న సమగ్ర ఆర్థిక భాగస్వామ్య ఒప్పందంలో డిజిటల్ వాణిజ్యానికి ఒక అధ్యాయమే ఉంది, ఉమ్మడి కమిటీ కూడా ఉంది. బంగారం సుంకం గురించి మాట్లాడుకోగల బల్ల దగ్గర ఈ మాటకూ చోటుంటుంది.

అనుమతి ఉన్న యాప్‌లు ఉన్నాయి కదా, వాటితో సర్దుకుంటే పోలేదా అన్నది ఇంకొక మాట. పోతుంది, కొంతవరకు. జూమ్‌లో లింకు పంపి మీటింగు తెరవడం ఇంజనీరుకు అలవాటే. రాత్రి డ్యూటీ దిగి వచ్చినవాడికీ, పచ్చ గుర్తు నొక్కడం తప్ప ఫోనులో మరొకటి తెలియని తల్లికీ అది వాడుకగా మారదు. కాల్‌కు రెండు కొసలు ఉంటాయి. ఊళ్లోని కొస వాట్సాప్‌లోనే ఉంది, ఎమిరేట్స్ నియమం కోసం ధర్మపురిలోని ముసలమ్మ యాప్ మార్చుకోవాలనడం ఏ పద్ధతి? పైగా అనుమతి ఉన్నదల్లా భద్రమైనదని కూడా అనుకోలేం. నిషేధం మధ్య ఉచిత కాల్స్ ఇస్తూ ఎమిరేట్స్‌లో విపరీతంగా పాకిన టోటోక్ అనే యాప్ నిఘా కోసం వాడుతున్న సాధనమని 2019 డిసెంబరులో న్యూయార్క్ టైమ్స్ రాసింది. గూగుల్, యాపిల్ దాన్ని తమ స్టోర్ల నుంచి తీసేశాయి. ఆ యాప్ నడిపినవాళ్లు ఆరోపణను ఖండించారు. నిజం ఏదైనా, ఎంచుకునే వీలు లేనివాడు దొరికినదాన్ని నమ్మక తప్పదని ఆ ఉదంతం చెబుతోంది. నేరగాళ్లను పట్టుకోవడానికి ప్రభుత్వానికి కాల్స్ మీద అదుపు కావాలన్న వాదనను నేను తేలిగ్గా తీసుకోను. అయితే అదే వాట్సాప్‌లో సంకేతంగా మార్చిన మెసేజులు పంపుకోవడానికి అనుమతించి, కాల్స్ దగ్గర మాత్రం ఆపితే నేరపరిశోధనకు ఒరిగేది ఎంత?

ఇక ఇంట గెలవవలసిన సంగతులు. మనం ఎవరికైనా చెప్పబోతే ముందు వాళ్లు చూపించేది మన ఇంటర్నెట్ నిలిపివేతలను. 2020 జనవరిలో కశ్మీర్ కేసులో సుప్రీంకోర్టు గడువు లేని నిలిపివేతలు కుదరవని చెప్పాక కూడా జిల్లాలకు జిల్లాలు నెట్ ఆపేయడం మనకు అలవాటుగానే ఉంది. దానికి నా దగ్గర సమర్థన లేదు, మీ దగ్గర కూడా ఉండదనుకుంటాను. గల్ఫ్ కార్మికుడిని ఇంకా సూటిగా తాకేది మన ఓటీపీ వ్యవస్థ. బ్యాంకు, ఆధార్, పింఛను అన్నీ ఇక్కడి సిమ్‌తో ముడిపడి ఉంటాయి. తొంభై రోజులు వాడకపోతే సిమ్ రద్దు కావచ్చు, ఆ నంబరు మరికొన్నాళ్లకు ఇంకొకరికి వెళుతుంది. రోమింగ్ బతికించుకోవడం తెలియనివాడు నంబరు పోగొట్టుకుంటాడు, దాంతోపాటు ఖాతాకు దారి కూడా. ఇంట్లో మరదలికో, ఏజెంటుకో సిమ్ అప్పగించి ఓటీపీ ఫోనులో చెప్పించుకోవడం చాలామంది చేసే పని. అంతకంటే అభద్రమైన ఏర్పాటు ఇంకేముంటుంది? విదేశీ నంబర్లతో యూపీఐ వాడుకోవడానికి 2023 జనవరిలో యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ పది దేశాలకు వీలు కల్పించింది. ఆ పదిలో ఎమిరేట్స్, సౌదీ, ఖతార్, ఒమన్ ఉన్నాయి, కువైట్ లేదు. అదీ ప్రవాస భారతీయుల కోసం ఉండే ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ ఖాతాలకే. ఊళ్లో తెరిచిన మామూలు పొదుపు ఖాతాతోనే వెళ్లిపోయినవాడికి ఇది అందదు, ఖాతా మార్చుకోవాలని అతనికి చెప్పినవారూ ఉండరు. ఎస్ఎంఎస్ ఓటీపీ ఒక్కటే మార్గం కానక్కర్లేదని రిజర్వు బ్యాంకు 2025 సెప్టెంబరులో కొత్త ఆదేశాలిచ్చింది, 2026 ఏప్రిల్ 1 నుంచి అవి వర్తిస్తాయి. బ్యాంకులు ఈ వెసులుబాటును ముందుగా ఎన్ఆర్ఐ కోటీశ్వరులకు అమర్చిపెడతాయని ఊహించడానికి జోస్యం అక్కర్లేదు. క్యాంపు కార్మికుడిని మొదటి వరుసలో నిలబెట్టమని ఆర్థికశాఖను అడగవలసింది మీరే.

మీ శాఖ జరిపే ఒకరోజు ప్రయాణపూర్వ శిక్షణలో ఇవన్నీ చెప్పడానికి ఒక గంట కేటాయించవచ్చు: సిమ్‌ను ఎలా బతికించుకోవాలి, బయలుదేరేలోపు ఖాతాను ఎలా మార్చుకోవాలి, ఏ దేశంలో ఏ యాప్‌కు అనుమతి ఉంది, బస్టాండు వైఫైలో బ్యాంకు యాప్ ఎందుకు తెరవకూడదు, ఉచిత వీపీఎన్ ఎందుకు వద్దు. తెలుగులోనే, విదేశీ ఉద్యోగాల సంగతి చూసే తెలంగాణ సంస్థ టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్ సంస్థ ఓమ్‌క్యాప్ ద్వారా చెబితే ఇంకా బాగా చేరుతుంది. కానీ శిక్షణతో సరిపెట్టుకుందామంటే ఒప్పుకోను. జాగ్రత్తలు నేర్పడం వరకు శిక్షణకు సాధ్యం, కాలింగ్ ప్యాకేజీ భారాన్నో, స్వాధీనం చేసుకున్న ఫోనునో అది తిరిగివ్వలేదు.

అందువల్ల నేను అడిగేవి పెద్ద సంఖ్యలో లేవు. వలస కార్మికుల కోసం ఉన్న ఈ-మైగ్రేట్ పోర్టల్ ద్వారా నమోదయ్యే ఒప్పంద నమూనాలో ఒక వాక్యం చేర్చండి: కార్మికుడి ఫోను అతని స్వాధీనంలోనే ఉండాలి, యజమాని ఇచ్చే వసతిలో ఇంటర్నెట్ ఉండాలి, డబ్బు తీసుకుంటే అది నావికుల ఒడంబడికలో చెప్పినట్టు సమంజసంగా ఉండాలి. 1983 నాటి వలసల చట్టం స్థానంలో తేదలచిన ఓవర్సీస్ మొబిలిటీ బిల్లు ముసాయిదాను 2025లో మీరు ప్రజాభిప్రాయానికి పెట్టారు. సంక్షేమం అన్న మాట దాని పూర్తి పేరులోనే ఉంది కాబట్టి ఈ షరతుకు అక్కడ చట్టబలం ఇవ్వవచ్చు. వసతి ఇచ్చే కంపెనీకి వైఫై ఖర్చు పెద్ద భారం కాదు. భారమేనన్న కంపెనీ మిగతా షరతులను ఎలా పాటిస్తుందో కూడా చూడవలసి ఉంటుంది. ఎమిరేట్స్‌తో కాల్స్ విషయం ఒక్క సమావేశంలో తేలదని తెలుసు. క్యాంపులో ఉన్నవాళ్లకు, తక్కువ జీతగాళ్లకు కాలింగ్ ప్యాకేజీ రుసుము ఎత్తివేయమని అడగడంతో మొదలుపెట్టవచ్చు, అది వాళ్ల విధానాన్ని మార్చకుండానే చేయగల పని. వాట్సాప్ అనుమతి ఆ తర్వాతి మెట్టు. ఆర్థిక భాగస్వామ్య ఒప్పందపు ఉమ్మడి కమిటీ అజెండాలో ఇంటర్నెట్ కాల్స్ అంశాన్ని మన వైపు నుంచి ఎప్పుడైనా పెట్టామా, పెడితే వాళ్లు ఏమన్నారు, పెట్టకపోతే వచ్చే సమావేశంలో పెడతారా అన్నది పార్లమెంటులో చెప్పగలిగిన సమాధానమే. నిజామాబాద్, కరీంనగర్, రాజంపేట, అమలాపురం ఎంపీలలో ఎవరు ఆ ప్రశ్న అడిగినా సరే, జవాబు మీ నుంచి రావాలి.

ఇట్లు,
ఒక తెలుగు వ్యాసకర్త